రొయ్యల గుంట కెమెరాకు ఏ మెమరీ కార్డు, చేతిలోని ఫోనుకు ఎంత మెమరీ: చిప్పు ఎవరిదో చూసి రాసిన సమీక్ష

ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు, అటు ప్రకాశంలో కొత్తపట్నం, సింగరాయకొండ తీరాన, రొయ్యల గుంట గట్టు మీద ఇనప పైపుకు బిగించిన 4జీ కెమెరా ఇప్పుడు కొత్త వస్తువేం కాదు. అక్కడ వైఫై ఉండదు, కేబుల్ లాగే వీలుండదు, రికార్డు చేసే పెట్టె, అదే డీవీఆర్, పెట్టడానికి గది ఉండదు. లోపల ఒక సిమ్ము, వేలిగోరంత మెమరీ కార్డు, అంతే. లైవ్ ఫోన్లో కనిపిస్తుంది గానీ రికార్డంతా ఆ కార్డులోనే ఉంటుంది. కెమెరా కోసం నాలుగు షాపులు తిరిగిన రైతే కార్డు దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి వెయ్యన్నా" అంటాడు. తర్వాత ఇబ్బంది అక్కడే వస్తుంది. కార్డు చచ్చిపోయినా లైవ్ ఆగదు. నెల రోజుల తర్వాత మేత బస్తాలు పోయిన రాత్రి ఏం జరిగిందో చూద్దామని వెనక్కి జరిపితే తెర ఖాళీగా ఉంటుంది.

అందుకే ఈ సమీక్ష కెమెరాల మీద కాదు, అందులో వేసే కార్డు మీద. ఫోన్లో ఉండేదీ అదే జాతి చిప్పు కాబట్టి చివర్లో ఫోను సంగతి కూడా. చెప్పదలచుకున్నది ఒక్కటే: కార్డు మీద పెద్దక్షరాల్లో ఉన్న వేగం అంకెను వదిలేసి, దాన్ని ఏ పనికి తయారు చేశారో చూసి కొనాలి.

చిప్పు తయారు చేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే

నెల్లూరు ట్రంక్ రోడ్డులోనో ఒంగోలు కర్నూలు రోడ్డులోనో మొబైల్ షాపు గోడకు వేలాడే కార్డుల మీద పదుల కొద్దీ పేర్లుంటాయి. లోపలుండే, కరెంటు లేకపోయినా రాసింది చెరిగిపోని నాండ్ ఫ్లాష్ చిప్పును సొంత ఫ్యాక్టరీలో పెద్ద ఎత్తున తయారు చేసే గుంపులు మాత్రం ఐదు. కొరియాలో శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్. జపాన్‌లో కియోక్సియా, శాన్‌డిస్క్ కలిసి నడిపే ఫ్యాక్టరీలు. అమెరికా కంపెనీ మైక్రాన్. చైనాలో వైఎంటీసీ. కింగ్‌స్టన్, ట్రాన్‌సెండ్, ఏడేటా లాంటివి వీళ్ళ దగ్గర చిప్పులు కొని కార్డుగా చేసి అమ్ముతాయి. అందులో తప్పేం లేదు. అయితే ఈసారి కొన్న కార్డులో ఒకరి చిప్పు, వచ్చేసారి అదే పేరుతో కొన్నదాంట్లో ఇంకొకరి చిప్పు ఉండొచ్చు. చిప్పు తయారు చేసే కంపెనీ తన పేరుతోనే అమ్మే కార్డులో ఆ తేడాలు తక్కువ. గట్టు మీద పెట్టే కార్డుకు ఈ నిలకడే ముఖ్యం.

ఫ్లాష్ మెమరీ పుట్టింది జపాన్‌లో, తోషిబా కంపెనీలో. ఫుజియో మసువోకా అనే ఇంజినీరు 1984లో మొదటి రకాన్ని, 1987లో నాండ్ రకాన్ని లోకానికి చూపించాడు. తోషిబా అప్పుల్లో పడి 2018లో ఆ విభాగాన్ని అమ్ముకుంది. 2019 అక్టోబరు నుంచి దాని పేరు కియోక్సియా. జపాన్ భాషలో 'కియోకు' అంటే జ్ఞాపకం. మన షాపుల్లో ఈ పేరు అంతగా కనిపించదు, కానీ శాన్‌డిస్క్ కార్డు కొన్నవాళ్ళ చేతిలో ఉన్నది ఆ రెండు కంపెనీల ఉమ్మడి ఫ్యాక్టరీ సరుకే.

శాన్‌డిస్క్ 1988లో కాలిఫోర్నియాలో మొదలైంది. పెట్టిన ముగ్గురిలో ఒకరు కాన్పూరులో పుట్టి, పిలానీ బిట్స్‌లో చదువు మొదలుపెట్టిన సంజయ్ మెహ్రోత్రా. ఆయన 2017 నుంచి మైక్రాన్‌కు అధిపతి. 2016లో వెస్టర్న్ డిజిటల్ శాన్‌డిస్క్‌ను కొనేసింది, 2025 ఫిబ్రవరిలో మళ్ళీ విడిగా వదిలేసింది. నిఘా కెమెరాల కోసం చేసిన పాత వెస్టర్న్ డిజిటల్ పర్పుల్ కార్డులు ఇంకా అక్కడక్కడా దొరుకుతున్నాయంటే కారణం ఈ కలవడం, విడిపోవడమే. మనం ఇవాళ వాడుతున్న ఈ చిన్న కార్డు కూడా శాన్‌డిస్క్ 2004లో ట్రాన్స్‌ఫ్లాష్ పేరుతో తెచ్చిందే. మరుసటి ఏడు మైక్రో ఎస్‌డీ అయింది.

శాంసంగ్ 1983లో మెమరీలోకి దిగింది. 2013లో చిప్పులో డేటా దాచే గదులను (సెల్స్) పక్కపక్కన కాకుండా అంతస్తులుగా, మొదట 24 పొరలుగా పేర్చి అమ్మకానికి తెచ్చింది. ఇప్పుడు అందరూ నడుస్తున్నది ఆ దారిలోనే. చిప్పూ, కార్డూ, ఫోనూ మూడూ తనే చేసుకునే పెద్ద కంపెనీ ఇదొక్కటే. ఎస్‌కే హైనిక్స్ 1983లో హ్యుందాయ్ కింద పుట్టి, 2012లో ఎస్‌కే గుంపు చేతికి వచ్చింది. ఈ పేరుతో మన షాపుల్లో మైక్రో ఎస్‌డీ కార్డు అడగడం దండగ, వాళ్ళ సరుకు ఫోన్లలోకీ సర్వర్లలోకీ పోతుంది. మైక్రాన్ 1978లో అమెరికాలోని బోయిసీలో మొదలైంది. గుజరాత్‌లోని సనంద్‌లో చిప్పులను ప్యాక్ చేసి పరీక్షించే ప్లాంటును 2023లో ప్రకటించింది. క్రూషియల్ అనే తన చిల్లర బ్రాండును మూసేస్తున్నట్టు 2025 డిసెంబరులో చెప్పింది. లెక్సార్ కూడా ఒకప్పుడు మైక్రాన్‌దే, 2017 నుంచి చైనాలోని లాంగ్‌సిస్‌ది. పాత నమ్మకంతో పేరు చూసి కొనేవాళ్ళు ఈ చేతులు మారడం గుర్తుంచుకోవాలి.

కార్డు మీది గుర్తుల్లో మనకు పనికొచ్చేవెన్ని

కార్డును వెలుతురులో పెట్టి చూడండి. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 వెడల్పు, మందం 1. వెనక ఎనిమిది బంగారు పూత పట్టీలు. ముందు వైపు సైజు, దాని పక్కన సి లోపల 10, యు లోపల 1 లేదా 3, వి30, ఏ1 లేదా ఏ2, కింద 100, 150, 200 ఎంబీ అని పెద్ద అంకె.

సి లోపలి 10 అంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాయగలదు. యు3, వి30 రెండింటికీ అర్థం 30 ఎంబీ. ఏ1, ఏ2 అనేవి యాప్‌ల కోసం: చిన్న చిన్న ముక్కలను సెకనుకు ఎన్నిసార్లు చదవగలదు, రాయగలదు అని. ఏ1కు 1500 చదవడాలు, 500 రాయడాలు; ఏ2కు 4000, 2000. ఆ పెద్ద అంకె చదివే వేగం, అదీ ఆ కంపెనీ సొంత రీడర్లో పెట్టినప్పుడు. ఈ కార్డులు డేటా పంపే యూహెచ్‌ఎస్-1 అనే దారికి ప్రమాణం ప్రకారం హద్దు సెకనుకు 104 ఎంబీ. 150, 200 అంకెలు ఆ హద్దు దాటి కంపెనీలు సొంతంగా చేసుకున్న ఏర్పాటు, మామూలు ఫోన్లోనూ కెమెరాలోనూ అవి రావు.

ఇప్పుడు గట్టు మీది కెమెరా లెక్క చూడండి. 2 మెగాపిక్సెల్ కెమెరాను వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో పెట్టి బిట్‌రేటు 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు) ఇస్తే అది సెకనుకు రాసేది పావు ఎంబీ. క్లాస్ 10 కార్డు వేగమే దానికి 40 రెట్లు. అంటే వేగం కోసం ఎక్కువ డబ్బు పెట్టడం ఈ పనిలో పూర్తిగా వృథా. 2 ఎంబీపీఎస్ చొప్పున రోజుకు 21.6 జీబీ పడుతుంది. 128 జీబీ కార్డులో దాదాపు ఆరు రోజులు, 256లో పదకొండు రోజులకు పైచిలుకు నిలుస్తుంది. ఆ తర్వాత పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది. 64 జీబీలో మూడు రోజులు కూడా నిండవు, దొంగతనం మూడు రోజుల తర్వాత తెలిస్తే అప్పటికే చెరిగిపోయి ఉంటుంది. అందుకే గుంట మీదకు 128 కన్నా తక్కువ వద్దు. 128 కార్డును కంప్యూటరులో పెడితే 119 అని చూపిస్తుంది. అది మోసం కాదు, కంపెనీ వెయ్యితో లెక్కేస్తే కంప్యూటరు 1024తో లెక్కేస్తుంది.

మన్నిక: కాగితం మీద ఒకటి, గట్టు మీద ఇంకొకటి

నాండ్ చిప్పులో ప్రతి గదినీ ఇన్నిసార్లే చెరిపి రాయగలం. గదిలో ఒక బిట్టు పెట్టే ఎస్‌ఎల్‌సీ లక్ష సార్ల దాకా ఓర్చుకుంటుంది, మూడు పెట్టే టీఎల్‌సీ వేయి నుంచి మూడు వేలు, నాలుగు పెట్టే క్యూఎల్‌సీ అంతకన్నా తక్కువ. చౌక కార్డులో ఏ రకం ఉందో పెట్టె మీద రాయరు. మన్నిక కార్డులు అమ్మే కంపెనీలు మాత్రం గంటల లెక్క చెబుతాయి. శాన్‌డిస్క్ హై ఎండ్యూరెన్స్ 128 జీబీకి 10,000 గంటలు, 256కు 20,000. శాన్‌డిస్క్ మ్యాక్స్ ఎండ్యూరెన్స్ 256కు 1,20,000. శాంసంగ్ ప్రో ఎండ్యూరెన్స్ 256కు 1,40,160, అంటే 16 ఏళ్ళు.

10,000 గంటలంటే 416 రోజులే కదా, ఏడాదికే పోతుందా అని చాలామంది భయపడతారు. ఇక్కడే చిన్నక్షరాలు చదవాలి. ఆ లెక్క 26 ఎంబీపీఎస్ వీడియోకు, అంటే కారు డ్యాష్‌క్యామ్ స్థాయికి. మన గుంట కెమెరా రాసేది 2. పదమూడో వంతు. కాబట్టి హై ఎండ్యూరెన్స్ 128 జీబీ కార్డు కాగితం మీద 1,30,000 గంటలు, దాదాపు పద్నాలుగేళ్ళ పైన రావాలి. ఏ కార్డూ గట్టు మీద పద్నాలుగేళ్ళు ఉండదు. మరి కార్డులు ఎందుకు పోతున్నాయి? అరిగిపోయి కాదు, కరెంటు వల్ల, వేడి వల్ల, ఉప్పుగాలి వల్ల.

మొదటి శత్రువు కరెంటు. కెమెరా అడాప్టరుకు కరెంటును గుంట నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల లైన్లోంచే తీస్తారు. ఇండక్షన్ మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కన్నా ఐదు నుంచి ఏడు రెట్లు కరెంటు లాగుతుంది. వరసగా నాలుగు ఏరేటర్లు వేస్తే ఆ క్షణం ఓల్టేజి కిందికి పడి కెమెరా ఆగి మళ్ళీ లేస్తుంది. కార్డు లోపల ఏ ముక్క ఎక్కడ ఉందో రాసుకునే పట్టిక ఒకటుంటుంది. సరిగ్గా ఆ పట్టికను రాస్తున్న క్షణంలో కరెంటు పోతే, చిప్పు బాగానే ఉన్నా కార్డు 'చదవడానికి మాత్రమే' అనే స్థితికి పోయి బిగుసుకుంటుంది. ఫార్మాట్ చేస్తే అయినట్టే చూపిస్తుంది, తీసి పెడితే పాత ఫైళ్ళు అలాగే ఉంటాయి. ఈ లక్షణం కనిపిస్తే ఆ కార్డుతో కుస్తీ పట్టొద్దు, మార్చేయాలి. మందు ఏమిటంటే కెమెరాకు 12 ఓల్టుల బ్యాటరీ మధ్యలో పెట్టడం. రౌటర్లకు అమ్మే మినీ యూపీఎస్ చాలు, కెమెరా ఆంపియర్లకు సరిపోతుందో అడాప్టరు మీది అంకె చూసి తీసుకోండి. సోలార్ ప్యానెల్, బ్యాటరీ ఉన్న కెమెరాకు ఈ బాధ లేదు. ఏ కంపెనీ కార్డు వేసినా, కరెంటు సరిచేయకుండా వేస్తే డబ్బు నీళ్ళపాలే.

రెండోది ఎండ. మే నెలలో నెల్లూరు, ఒంగోలు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీడ లేని లోహపు కెమెరా లోపల దానికన్నా ఇంకా ఎక్కువ. మన్నిక కార్డులను మైనస్ 25 నుంచి 85 డిగ్రీల దాకా పనిచేసేలా చేస్తారు కాబట్టి అప్పటికప్పుడు చావవు. కానీ వేడిలో గదుల్లోని విద్యుదావేశం త్వరగా కారిపోతుంది, తప్పులు పెరుగుతాయి, వాటిని దిద్దుకోవడానికి కార్డు మళ్ళీ మళ్ళీ రాస్తుంది. కెమెరా మీద తెల్ల పీవీసీ రేకు ముక్క ఒక చెయ్యి ఎడంగా గొడుగులా కట్టండి, గాలి ఆడేలా.

మూడోది ఉప్పుగాలి. కార్డు పట్టీలకు బంగారు పూత ఉంటుంది గానీ కెమెరా స్లాటు లోపలి స్ప్రింగులకు ఆ పూత అంత మందంగా ఉండదు. కార్డు మూత స్క్రూలు ఒకటి వదులైతే చాలు, సముద్రపు తేమ లోపలికి పోయి స్ప్రింగుల మీద పచ్చని తుప్పు కడుతుంది. కార్డు ఒకసారి కనిపిస్తుంది, ఒకసారి కనిపించదు. కార్డు పోయిందనుకుని కొత్తది కొంటారు, అదీ అంతే. పాత కార్డును ఫోన్లో పెట్టి చూస్తే చక్కగా పనిచేస్తుంటే తప్పు స్లాటుదని అర్థం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని గుడ్డ తడిపి పట్టీలను పొడవునా తుడవండి. బ్లేడు, గరుకు కాగితం పెట్టొద్దు, పూత పోతే ఆ కార్డుకు మరో వర్షాకాలం లేదు. మూత రబ్బరు వాషరు నలిగితే మార్చి, లోపల చిన్న సిలికా జెల్ పొట్లం పెట్టి స్క్రూలన్నీ సమానంగా బిగించండి.

ఏది కొనాలి

గుంట కెమెరాకు మా మొదటి ఎంపిక శాన్‌డిస్క్ హై ఎండ్యూరెన్స్ 128 జీబీ. పైన చూసిన లెక్కలో దీని గంటలు కావలసినదానికన్నా చాలా ఎక్కువ. కెమెరా ఒప్పుకుంటే 256. పాత మోడళ్ళు కొన్ని 128 దాటితే తీసుకోవు, కెమెరా పెట్టె మీద 'గరిష్ఠ కార్డు' అన్న వరుస చూసుకోండి. శాంసంగ్ ప్రో ఎండ్యూరెన్స్ దీనికి ఏమాత్రం తీసిపోదు. రెండింటిలో ఆ రోజు షాపులో ఏది తక్కువకు వస్తే అది. మ్యాక్స్ ఎండ్యూరెన్స్ మంచి కార్డే గానీ 2 ఎంబీపీఎస్ కెమెరాకు దాని మీద అదనపు డబ్బు పెట్టాల్సిన పనిలేదు. రాత్రంతా తిరిగే మేత లారీ డ్యాష్‌క్యామ్‌కు, 4 మెగాపిక్సెల్ పైన ఎక్కువ బిట్‌రేటులో పెట్టిన కెమెరాకు అది సరైనది. కియోక్సియా ఎక్సీరియా హై ఎండ్యూరెన్స్ దొరికితే సంకోచం లేకుండా తీసుకోవచ్చు.

శాన్‌డిస్క్ అల్ట్రా, శాంసంగ్ ఈవో ప్లస్ ఫోన్లకు చక్కని కార్డులు. గట్టు మీదకు మాత్రం వద్దు. పదేళ్ళ వారంటీ అని రాసి ఉంటుంది కదా అని అడుగుతారు. శాంసంగ్ తన ఈవో కార్డులకు డ్యాష్‌క్యామ్, సీసీటీవీ వాడకంలో వారంటీ వర్తించదని చెబుతుంది. ఆ ఒక్క వాక్యం చూడకుండా కొన్నవాళ్ళకు ఏడాది తర్వాత వట్టి చేతులే. ఇక పేరూ ఊరూ లేని 512 జీబీ కార్డు సగం ధరకు వస్తోందంటే దాన్ని ముట్టుకోకండి.

ఆ చౌక కార్డుల గుట్టు ఇది. లోపల ఉన్నది నిజంగా 8 లేదా 16 జీబీ చిప్పు, కార్డును నడిపే కంట్రోలరు చిప్పుకు మాత్రం 512 అని చెప్పమని నేర్పుతారు. మొదటి 16 జీబీ దాకా బాగా రాస్తుంది, తర్వాత రాసేది గాల్లో కలుస్తుంది, లేదా మొదటిదాని మీదే పడుతుంది. ఫైళ్ళ పేర్లు కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. పెళ్ళి వీడియోలు ఇలాగే పోతాయి. కొన్న రోజే పరీక్షించాలి. కంప్యూటరులో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం, లైనక్స్ అయితే ఎఫ్3. అది కార్డు అంతా నింపి, మళ్ళీ చదివి పోల్చి చూస్తుంది. 128 జీబీ కార్డు సెకనుకు 20 ఎంబీ చొప్పున రాస్తే గంటా ముప్పావు, 80 చొప్పున చదివితే ఇంకో అరగంట. మధ్యలో ఆపొద్దు, సగం దాకా చూసి బాగుందనుకుంటే పరీక్ష చేసినట్టే కాదు. అంతా అయ్యాక తప్పులు లేవని వస్తేనే వాడండి. పెట్టె మీద దిగుమతిదారు పేరు, ఎమ్మార్పీ, నెల, వినియోగదారుల సహాయ నంబరు ఉండాలి, అది చట్టం. జీఎస్టీ బిల్లు అడిగి తీసుకుని దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. థర్మల్ కాగితం బిల్లు ఆరు నెలలకే తెల్లబడుతుంది.

ఫోన్లో ఉన్నదీ అదే సరుకు

2015 ఆగస్టులో షావోమీ మన దేశంలో తయారైన తన తొలి ఫోన్ను విశాఖలో విడుదల చేసింది. అది రెడ్‌మీ 2 ప్రైమ్, తయారైంది తడ పక్కన శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో. ధర 6,999 రూపాయలు, ర్యామ్ 2 జీబీ, స్టోరేజీ 16. అప్పుడు కార్డు వేయక తప్పేది కాదు. ఇప్పుడు 128 లోపలే వస్తోంది, కార్డు స్లాటు ఒక్కొక్కటిగా మాయమవుతోంది. ఐఫోన్లో ఎప్పుడూ లేదు. శాంసంగ్ తన ఖరీదైన గెలాక్సీ ఎస్ ఫోన్లలో 2021లో ఎస్21 నుంచి తీసేసింది. మధ్య ధర ఫోన్లలో గెలాక్సీ ఏ26కు ఉంది, ఏ36, ఏ56లకు లేదు. కార్డు వేసుకోవచ్చులే అని తక్కువ స్టోరేజీ కొనేముందు స్లాటు ఉందో లేదో ట్రే బయటికి లాగి కళ్ళారా చూడాలి. హైబ్రిడ్ ట్రే అయితే రెండో సిమ్మో కార్డో, రెండూ పట్టవు.

స్టోరేజీ ఎంత అన్నదానికన్నా ఏ రకం అన్నది ఫోను ఆయుష్షును తేలుస్తుంది. చౌక ఫోన్లలో ఈఎంఎంసీ 5.1 అనే పాత రకం స్టోరేజీ ఉంటుంది. దాని దారి హద్దు సెకనుకు 400 ఎంబీ. అంతకన్నా ముఖ్యం, అది ఒంటి వరుస వంతెన లాంటిది: చదివేటప్పుడు రాయలేదు, రాసేటప్పుడు చదవలేదు. వాట్సాప్‌లో వీడియో దిగుతుంటే ఫోన్‌పే తెరుచుకోక తెల్లతెర తిరగడానికి కారణం చాలాసార్లు ఇదే. దానికన్నా కొత్త రకమైన యూఎఫ్‌ఎస్‌లో రెండు వైపులా ఒకేసారి నడుస్తుంది. 2.2 రకానికి దారి దాదాపు 1200 ఎంబీ. 3.1లో శాంసంగ్ చెప్పిన చదివే వేగం 2100, 2022లో వచ్చిన 4.0లో 4200. షాపులో ఆండ్రోబెంచ్ అనే చిన్న యాప్ వేసి చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది: వరసగా చదివే వేగం 300 దగ్గర ఆగితే అది ఈఎంఎంసీ. నాలుగేళ్ళు వాడాలనుకునే ఫోన్లో ఈఎంఎంసీ వద్దు, ఇందులో రెండో మాట లేదు.

'8 ప్లస్ 8 జీబీ ర్యామ్' అన్న స్టిక్కరు చూసి మురిసిపోవద్దు. రెండో 8 ర్యామ్ కాదు, స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకోవడం. ర్యామ్ కన్నా ఎన్నో రెట్లు నెమ్మది, పైగా స్టోరేజీ మీద రాతలు పెరుగుతాయి. సెట్టింగుల్లో దాన్ని ఆపేసినా నష్టం లేదు, ఈఎంఎంసీ ఫోనైతే ఆపేయడమే మేలు. ఫోను మోడలు ఒక్కటే అయినా లోపలి చిప్పు ఒకదాంట్లో శాంసంగ్‌ది, ఇంకోదాంట్లో హైనిక్స్‌ది లేదా మైక్రాన్‌ది ఉండొచ్చు, కంపెనీలు ఒక్కరి మీద ఆధారపడవు. దాని కోసం ఫోన్లు ఏరుకోవాల్సిన పనిలేదు, రకం ఒకటైతే చాలు.

ధర సంగతి ఒకటి. ర్యామ్ చిప్పుల మార్కెట్లో తొంభై శాతానికి పైగా శాంసంగ్, హైనిక్స్, మైక్రాన్ చేతుల్లోనే ఉంది. ఏఐ సర్వర్లకు కావలసిన ఖరీదైన మెమరీ వైపు ఈ మూడూ మొగ్గడంతో 2025 చివరి నుంచి మామూలు ర్యామ్, ఫ్లాష్ ధరలు బాగా పెరిగాయి. కొత్త మోడల్లో పాత ధరకే ర్యామ్ తగ్గించి ఇస్తున్నారేమో, నిరుటి మోడలుతో పక్కన పెట్టి పోల్చుకోండి. 6 జీబీ ర్యామ్, 128 జీబీ యూఎఫ్‌ఎస్ 2.2 ఉన్న నిరుటి ఫోను, 4 జీబీ ర్యామ్ ఉన్న ఈ ఏటి ఫోను కన్నా నయం.

ఫోన్లో కార్డు వేస్తే ఫోటోలకీ వీడియోలకీ వాడండి. యాప్‌లు దాని మీదకు ఎక్కించొద్దు. కార్డును ఫోను లోపలి స్టోరేజీగా మార్చుకునే ఏర్పాటు ఆండ్రాయిడ్ 6 నుంచి ఉంది గానీ, అలా మారిస్తే ఆ కార్డు తాళం ఆ ఫోను దగ్గరే ఉంటుంది. ఫోను పాడైతే కార్డు తీసి ఎక్కడ పెట్టినా ఒక్క ఫోటో రాదు. చీమకుర్తి క్వారీల దగ్గర పనిచేసేవాళ్ళు సిమ్ ట్రేను ఆరుబయట తెరవకుండా ఉంటే మంచిది, గ్రానైట్ ధూళి ట్రే రబ్బరు మీద పడితే నీళ్ళు లోపలికి పోకుండా ఆపే పట్టు పోతుంది.

రికార్డు కావలసి వచ్చిన రోజు

దొంగతనం జరిగిందంటే మొదట చేయాల్సింది కెమెరా యాప్‌లోంచి ఆ గంట ముక్కను ఫోన్లోకి దించుకోవడం. అది కుదరకపోతే కెమెరా కరెంటు తీసి, ఆ తర్వాతే కార్డు లాగాలి. నడుస్తుండగా లాగితే పైన చెప్పిన పట్టిక చెడుతుంది. కంప్యూటరులో పెట్టగానే 'ఫార్మాట్ చేయాలా' అని అడుగుతుంది, వద్దనండి. కొన్ని కంపెనీల కెమెరాలు సొంత పద్ధతిలో రాస్తాయి, వాటిని ఆ కంపెనీ ప్లేయరే చదువుతుంది. అసలు కార్డును అలాగే కవరులో పెట్టి తారీఖు రాసి, కెమెరాలో కొత్త కార్డు వేయండి. పొరపాటున చెరిగిన ఫైళ్ళకు ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో కొంత దొరుకుతుంది, కానీ మీద మళ్ళీ రాసినవి ఎవరూ తేలేరు. కార్డు అసలు కనిపించనే కనిపించకపోతే లోపలి కంట్రోలరు పోయినట్టు. కార్డు మొత్తం ఒకే ముక్కగా పోత పోసి ఉంటుంది కాబట్టి పైపూత గీకి లోపలి తీగలను పట్టుకునే ల్యాబుకు పంపాలి, ఆ ఖర్చు పది కొత్త కార్డుల కన్నా ఎక్కువ.

వెనామీ రొయ్యల పంట మూడు నాలుగు నెలలది. పట్టుబడి అయి గుంట ఎండబెట్టే రోజుల్లో కెమెరాను కిందికి దించండి. కార్డు పట్టీలు, స్లాటు తుడిచి, సిలికా జెల్ మార్చి, వాషరు చూసి, కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, కంప్యూటరులో కాదు. తర్వాత గంటసేపు రికార్డు చేసి, వెనక్కి జరిపి చూసి, అప్పుడు పైకెక్కించండి. పంట మధ్యలో వారానికి ఒకసారి, ఆదివారం మేత లెక్క చూసుకునేటప్పుడు, లైవ్ కాకుండా ముందురోజు రాత్రి రెండు గంటల రికార్డు తెరిచి చూడండి. అర నిమిషం పని.